చుక్కి వాటా

ఆ ఏడు మా ఇంట్లో మనిషికి ఆపరేషన్ అయితే, ఊళ్ళో కుక్కల మెడల్లో గుడ్డపీలికలు పడ్డాయి. రెండువేల రెండు, మిరప కోతల కాలం. ఎర్ర పీలికా ఆకుపచ్చ పీలికా కట్టుకుని వీధుల్లో తిరిగే కుక్కల్ని చూసి, మా ఊరికొచ్చిన చుట్టాలు ఇదేం తిరనాళ్ళర్రా అని పగలబడి నవ్వేవాళ్ళు. మాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆపరేషన్ మా బావకి. బావంటే మా ఆయనే, వీరాంజనేయులు. అంకమ్మత్త నాకు సొంత మేనత్త. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కూడా చిన్నప్పటి పిలుపులే మిగిలిపోయాయి. మేనత్త కాబట్టే ఆమెతో నేను పోట్లాడినట్టు మా వినుకొండ చుట్టుపక్కల ఏ కోడలూ అత్తతో పోట్లాడి ఉండదు. పొద్దున్నే వీధి వీధంతా వినపడేట్టు అరుచుకుని, మధ్యాహ్నానికి ఒకే పళ్ళెంలో గోంగూర కలుపుకు తినేవాళ్ళం. మా గొడవలకి ఇరుగుపొరుగు అలవాటు పడిపోయి, మా అరుపులు వినపడని రోజున ఒంట్లో బాగాలేదా అని వచ్చి అడిగేవాళ్ళు.

బావ కుడి డొక్కలో బరువుగా ఉందని చాలాకాలంగా అంటూనే ఉన్నాడు. గ్యాసన్నారు, వేడన్నారు, దిష్టన్నారు. చివరికి స్కానింగ్ తీయిస్తే లివర్లో నీటితిత్తి ఉందని బయటపడింది. గుంటూరు తీసుకెళ్ళాం. ఆపరేషన్ అయ్యాక ఒక నర్సు బయటికొచ్చి, తీసినదాన్ని ఇంటివాళ్ళు చూడాలంటూ పిలిచింది. అత్త బెంచీ మీంచి లేవలేదు. కన్నకొడుకు కడుపులోంచి తీసినదాన్ని చూసే గుండె తనకి లేదంది. నేనే వెళ్ళాను. స్టీలు ట్రేలో లేతకొబ్బరి మీగడలాంటి తెల్లటి పొర, దాంట్లో ద్రాక్షపళ్ళంత నీటిబుడ్డలు. ఆ రోజు నుంచి నాకు ద్రాక్షపళ్ళు సయించడం మానేశాయి.

పెద్ద డాక్టరు నన్ను అడిగిన మొదటి మాట, "మీ ఇంట్లో కుక్క ఉందామ్మా?" అని.

ఉంది. నుదుటి మీద తెల్లటి మచ్చున్న ఆడకుక్క, పేరు చుక్కి. పేరుకి ఇంటి కుక్క, నిజానికి అత్త కుక్క. కోతల కాలమంతా మా మిరపకాయల కళ్లానికి కాపలా అదే. పంది వచ్చినా, ఆవు వచ్చినా, తెలియని మనిషి వచ్చినా ఎండుకాయ మీద కాలు పెట్టనిచ్చేది కాదు. అత్త దాంతో మాట్లాడినంత ముద్దుగా నాతో ఏనాడూ మాట్లాడలేదు. మా అమ్మాయి తేజశ్రీ అయితే దాని మెడ చుట్టూ చేతులేసి, దాని డొక్క మీద తలపెట్టి పడుకునేది. అప్పటికి పిల్లకి ఆరేళ్ళు. డాక్టరు చెప్పడంతో తేజశ్రీకి కూడా స్కానింగ్ తీయించాం. ఏమీ లేదన్నారు. ఈ తిత్తి ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది, బయటపడడానికి పదేళ్ళు పట్టొచ్చు, ఏడాదికోసారి తీయించుకోండని కూడా అన్నారు.

ఆ మాటతో నా మనసు రాయైపోయింది. ఇంటికి రాగానే చెప్పేశాను.

"అత్తా, ఈ కుక్క ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

"మందు ముద్ద పెట్టి చంపించమంటావా?"

"ఏదో ఒకటి చెయ్యి. నాకు నా పిల్ల కావాలి."

"నీ పిల్ల నాకేమన్నా పరాయిదంటే? నా కొడుకు కడుపు కోసుకుని పడుకుంటే నాకేమన్నా సంతోషంగా ఉందంటే? ఈ మూగజీవమేం చేసిందే, ఒట్టినే నిందలేస్తావు?"

"డాక్టర్లు చెబుతున్నారు, నేను కాదు."

"ఆళ్ళకేం తెల్సు, గుంటూర్లో మేడల మీద కూర్చునేవాళ్ళకి" అని చుక్కిని వెంటబెట్టుకుని కళ్లానికి పోయింది.

మర్నాడు నేనే పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పేరు సంతోషకుమారి. ఒక సూదేసి మా కుక్కని పంపించెయ్యండమ్మా అన్నాను. ఆవిడ నా కథంతా విని, కుర్చీ వెయ్యించి, టీ తెప్పించింది. తర్వాత నిదానంగా చెప్పింది.

"సన్నటి పురుగులండీ. కుక్క పేగులో ఉంటాయి. దాంతో కుక్కకి ఏ బాధా ఉండదు. పురుగు గుడ్లు దాని విరేచనంలో బయటికొచ్చి గడ్డి మీద పడతాయి, బొచ్చుకి అంటుకుంటాయి. ఆ గడ్డి గొర్రె తింటే గొర్రె కడుపులో తిత్తవుతుంది. ఆ తిత్తి పచ్చిగా కుక్క తింటే మళ్ళీ పురుగవుతుంది. కుక్కా గొర్రే, ఈ రెండిటి మధ్య తిరిగే రోగం. మధ్యలో మనం చెయ్యి కడుక్కోకుండా నోట్లో పెట్టుకుని ఇరుక్కుంటాం."

"అయితే కుక్కని తీసేస్తే సరి కదండీ?"

"మీ కుక్కని తీసేస్తే మీ కళ్లానికి రేపు ఇంకో కుక్క వస్తుంది. దాని కడుపులో ఏముందో మీకెలా తెలుస్తుంది? ముందు ఏ కుక్కలో ఉందో చూద్దాం. మందేద్దాం. కోతలయ్యేదాకా నాకు టైమివ్వండి."

ఆవిడ మాట తీరు చూసి సరేనన్నాను. టీ తాగాక కాదనడం కూడా కష్టమే.

మొదటి కోత మొదలు కాకముందే డాక్టరమ్మ, ఆసుపత్రి అటెండరు నాగూర్ వలి మా ఊరొచ్చారు. బడి వెనక బయల్లో కుక్కల్ని దూరం దూరంగా మేకులకి కట్టించి, కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. వక్కలో ఉండే సారంతో చేసిన విరేచనాల మందట, దాన్ని కుక్కల గొంతులో పోశారు. వక్కపొడి రోజూ నేను నములుతూనే ఉన్నానుగా, నాకేం కాలేదేం అంది అంకమ్మత్త. కాసేపటికే ఆ మందు సత్తా ఏంటో ఊరంతా చూసింది. ముక్కులకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు కొందరు, నవ్వలేక కూలబడ్డవాళ్ళు కొందరు. డాక్టరమ్మ మాత్రం రబ్బరు తొడుగులేసుకుని, పట్టా మీద పడిన జిగురుని నీళ్ళతో కడిగి, నల్లటి ట్రేలో పోసి, భూతద్దం పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

చుక్కి ట్రే దగ్గర నన్ను పిలిచింది. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత నల్లటి ట్రేలో తెల్లగా, బొంబాయి రవ్వ కన్నా కాస్త పొడుగ్గా ఉన్నవి మెల్లగా కదిలాయి. ఒకటి కాదు, చల్లినట్టున్నాయి. అత్తని పిలిస్తే వచ్చి చూసింది. చాలాసేపు వంగి చూసి, "ఇంత మంచి కుక్క కడుపులో ఈ పాడు పురుగులా" అంది. ఆమెకి కోపం పురుగుల మీద వచ్చింది గానీ చుక్కి మీద రాలేదు.

పురుగులున్న కుక్కకి ఎర్ర పీలిక, లేనిదానికి ఆకుపచ్చ. పట్టాల మీద సలసల కాగే నీళ్ళు పోసి, కిందపడిన చోటల్లా గడ్డేసి కాల్చారు. ఎర్ర పీలిక కుక్కలకి బెల్లం ముద్దలో బిళ్ళ పెట్టి మింగించారు. వెళ్ళేముందు డాక్టరమ్మ ప్రతి ఇంటివాళ్ళనీ ఒకే మాట అడిగింది.

"అంకమ్మగారూ, మీ కుక్కకి ఏం పెడతారు?"

"మేం తినేదేనమ్మా. అన్నం, మజ్జిగ. రాత్రి మిగిలితే పప్పు."

"పచ్చి మాంసం ఎప్పుడన్నా వేస్తారా?"

"మనుషులకే లేదు మాంసం, కుక్కకెక్కడేస్తాం?"

నేను కూడా లేదండీ అన్నాను. ఊళ్ళో ఆదివారం ఆదివారం మాంసం కొట్టే లాల్ అహ్మద్‌ని కూడా అడిగింది. అతను గొర్రెలకి నీరుబుడ్డలు మామూలేనమ్మా, అవి కోసి కుక్కలకి విసిరేస్తాం అని ఉన్నమాట చెప్పాడు. ఆవిడ విడమరిచి చెప్పాక నోరు నొక్కుకుని, ఆ వారమే కొట్టు వెనక లోతుగా గొయ్యి తీయించి, మీద బండ పెట్టించాడు. పాపం, మాట మీద నిలబడే మనిషి.

కొన్నాళ్ళాగి మళ్ళీ వచ్చి చూస్తే చుక్కి కడుపు శుభ్రంగా ఉంది. మెడలో ఎర్ర పీలిక పోయి ఆకుపచ్చది పడింది. అత్త ఆ రోజు చుక్కికి ఒళ్ళంతా సబ్బుతో స్నానం చేయించి, నా ముందునుంచి అటూ ఇటూ నాలుగుసార్లు నడిపించింది. చూశావా అన్నట్టు నా వంక చూడడం, నేను చూడనట్టు చేటలో బియ్యం ఏరుకోవడం. లోపల నాకూ కాస్త ఊపిరాడింది.

మొదటి రాశి పోసిన రోజు ఆనవాయితీ ప్రకారం కళ్లంలో పోలేరమ్మకి పొట్టేలుని కోశారు. ఆ రోజు బావకి కుట్ల దగ్గర నొప్పిగా ఉంటే నేను ఇంట్లోనే ఉండిపోయాను. అత్త, మా చిన్నమామ చెంచురామయ్య దగ్గరుండి అన్నీ జరిపించారు. సాయంత్రం గిన్నెలో కూర వచ్చింది. బావ ఆపరేషన్ తర్వాత మొదటిసారి తృప్తిగా తిన్నాడు.

తర్వాత కాయ మీద కాయ పండింది. పొదిలి వైపు నుంచి కోత కూలీలు సంసారాలతో సహా వచ్చి చేలగట్ల మీద గుడిసెలేసుకున్నారు. కళ్లమంతా ఎరుపు. తుమ్ములతో పొద్దు పొడిచేది, తుమ్ములతో పొద్దు గుంకేది. బావ మెల్లగా కళ్లందాకా నడవడం మొదలుపెట్టాడు. ఇక గండం గడిచిందనుకున్నాను.

ఎండలు ముదిరే వేళకి డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మళ్ళీ పట్టాలు, మళ్ళీ వక్కమందు. ఊళ్ళో దాదాపు అన్ని కుక్కలకీ ఆకుపచ్చే పడింది. చుక్కి ట్రే మీదకి వంగిన డాక్టరమ్మ మాత్రం చాలాసేపు తలెత్తలేదు.

"మళ్ళీ ఉన్నాయి" అంది.

నాగూర్ వలి ఎర్ర పీలిక కడుతుంటే అత్త మొహం పక్కకి తిప్పుకుంది.

"మందు పనిచేసిందండీ, మధ్యలో శుభ్రంగా ఉండడం మీరూ చూశారు" అంది డాక్టరమ్మ. "ఆ తర్వాత ఎక్కడో పచ్చిది తింది. ఎక్కడో కనిపెట్టకపోతే నేనెన్ని బిళ్ళలు వేసినా ఇంతే."

ఆ వారమంతా నాకు అదే పని. కర్ర పట్టుకుని చుక్కి వెనకాల తిరిగాను. అది కాలవ దగ్గర నీళ్ళు తాగితే గట్టు మీద నేను. కంపచెట్టు నీడన పడుకుంటే ఎండలో నేను. లాల్ అహ్మద్ గొయ్యి దగ్గరికి పోయింది, దొరికావే దొంగమొహమా అనుకుని పరిగెత్తాను. బండ వాసన చూసి, నా వంక జాలిగా చూసి, వెనక్కి తిరిగింది. పెద్దింటి కోడలు కుక్క వెంట పడి తిరుగుతోందని కూలీలు చెవులు కొరుక్కున్నారు. ఎక్కడా ఏమీ తినలేదది. అన్నం, మజ్జిగ, పప్పు.

ఇక నా వల్ల కాలేదు. "అత్తా, తేజశ్రీని మా అమ్మ దగ్గరికి పంపిస్తా. కుక్కన్నా ఉండాలి ఇంట్లో, పిల్లన్నా ఉండాలి" అన్నాను. ఈసారి అరవలేదు. అరవకపోవడం చూసే అత్త భయపడిందనుకుంటాను.

ఆమె కూడా అరవలేదు. "ఆఖరి రాశి అయ్యేదాకా ఉండనీవే. కళ్లం కాసిన కుక్క వాటా తినకుండా పోగూడదు. ఆ మర్నాడు కుక్కల్ని పట్టుకుపోయే పంచాయతీవాళ్ళకి కబురు చెయ్యి. నేను అడ్డం రాను" అంది. అని కళ్ళొత్తుకుంటూ లోపలికి పోయింది. నాకు గెలిచిన సంతోషం ఏ కోశానా లేదు.

ఆఖరి రాశి రోజు కళ్లానికి నేనూ వెళ్ళాను. బావ కూడా వచ్చి పందిరి కింద నులకమంచం మీద కూర్చున్నాడు. పోలేరమ్మ రాయికి పసుపూ కుంకుమా పెట్టారు. చిన్నమామ పొట్టేలుని కోయించాడు. మా ఆనవాయితీ ఏంటంటే, ఆ రోజు మనుషులెవరూ ముద్ద ముట్టకముందే కళ్లం కాసిన కుక్కకి వాటా పడాలి. ఆ వాటాని ఇంటి పెద్దావిడే తన చేత్తో కోసి వెయ్యాలి. ఆ సమయంలో మిగతా ఆడవాళ్ళం పొయ్యిల దగ్గర అటు తిరిగి మసాలా నూరుకుంటూ ఉంటాం. కాపురానికొచ్చి అన్నేళ్ళయినా వాటా కొయ్యడం నేను దగ్గరగా చూసింది లేదు.

ఆ రోజు కూడా చూసేదాన్ని కాదు. అల్లం తేవడం మర్చిపోయి, సంచీ కోసం అత్త పక్కనుంచి పోతున్నాను. అత్త కత్తిపీట ముందు కూర్చుని, పొట్టేలు ఊపిరితిత్తులు కోస్తోంది. చుక్కి ఎదురుగా తోక ఆడిస్తూ కూర్చుంది. ఆ ఊపిరితిత్తుల మీద ఒకచోట తెల్లగా ఉబ్బెత్తుగా ఉంది. కత్తి తగలగానే నీళ్ళు చిమ్మి, లోపలినుంచి లేతకొబ్బరి మీగడలాంటి పొర బయటికి జారింది.

"అత్తా, ఆగు."

"ఏమే?"

"అదేంటి?"

"నీరుబుడ్డ. గొర్రెల్లో మామూలేగా. ఇట్టాంటి ముక్క మనుషులు తినరు, అందుకే దీని వాటాలో ఏస్తాం."

"గుంటూర్లో ట్రేలో చూపించింది ఇదే అత్తా. బావ కడుపులోంచి తీసింది ఇదే."

అత్త చెయ్యి ఆగిపోయింది. చుక్కి ఒక అడుగు ముందుకేస్తే కాలు అడ్డం పెట్టి ఆపింది.

"డాక్టరమ్మ అడిగిందిగా, ఏం పెడతారని" అంది మెల్లగా. "అన్నమన్నాను. అబద్ధమాడానంటే నేను?"

"నేనూ అన్నమనే అన్నాను అత్తా. ఇదీ పెట్టడమేనని ఎవరనుకున్నారు? అమ్మవారి వాటా కదా."

"మొదటి రాశికి కూడా ఏశాను. అప్పుడూ ఉంది బుడ్డ." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "మా అత్త చేతిలోంచి నా చేతికొచ్చింది ఈ పని. వాడు పుట్టకముందు నుంచీ నేనే ఏస్తన్నా. ఎన్ని కుక్కలు మారినా నేనే. చిన్నప్పుడు వాడు కళ్లంలో కుక్కతోనే పొర్లేవాడు. కుక్క నాకిన చేత్తోనే..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఈ తిత్తి పెరగడానికి ఏళ్ళు పడుతుందని ఇంట్లో పదిసార్లు అరిచి చెప్పింది నేనే. ఎందుకు చెప్పానా అనిపించింది. నాకు ఆమె మీద జాలేసింది.

అంతలో చిన్నమామ చెంచురామయ్య కేకేశాడు. "ఏంది వదినా, ఇంకా ఎంతసేపు? వాటా పడితేగాని వడ్డించకూడదు. కూలీలు ఆకలి మీదున్నారు."

అత్త లేచింది. ఊపిరితిత్తులు, కార్జంలో బుడ్డలున్న ముక్క, అన్నీ గోనెముక్కలో చుట్టి, మిరపకట్టె మంట మీద పెట్టించి బూడిదయ్యేదాకా కాల్పించింది. కట్టెలో ఎక్కడో మిగిలిన కాయ మాడి ఘాటు లేచి, కళ్లంలో మనుషులందరం ఒకటే తుమ్ములు, దగ్గులు.

"వాటా కాలుస్తన్నావేంది వదినా! అమ్మవారికి కోపమొస్తది" అన్నాడు చిన్నమామ, కళ్ళు తుడుచుకుంటూ.

"వాటా ముందు దానికి పడాలి, అంతేగా? పడుద్ది. పచ్చిదే పడాలని అమ్మవారు నీకేమన్నా చెప్పిందా చెంచురామయ్యా? నాకైతే చెప్పలేదు. కూర ఉడకనీ. మొదటి గరిటె దానికే."

చిన్నమామ పొయ్యి కిందకి ఇంకో కట్టె తోశాడు. అమ్మవారి తరపున మాట్లాడే హక్కు ఆ కళ్లంలో ఆయన కన్నా అత్తకే ఎక్కువుంది.

కూర ఉడికింది. అత్త మరి కాసేపు ఉడకనివ్వమంది. తర్వాత ఇంకాసేపు. చివరికి మంచి కార్జం ముక్కలతో మొదటి గరిటె తీసి విస్తరాకులో పోస్తే, చుక్కి మూతి పెట్టి, కాలి, వెనక్కి తగ్గింది. కాలే కూర కుక్క తినదుగా! అది తినకుండా మనుషులు తినకూడదుగా! కళ్లం నిండా మనుషులు, ఖాళీ విస్తరాకులు ముందేసుకుని, ఒక కుక్క కూర ఎప్పుడు చల్లారుతుందా అని కూర్చున్నారు. మా అత్త గొంతుక్కూర్చుని చేటతో ఆ కూరకి విసురుతూ ఉంది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు, విసరడం ఆపలేదు.

చుక్కి తిన్నది. ఆకు కూడా నాకింది. తేజశ్రీ పరిగెత్తుకెళ్ళి దాన్ని కావలించుకోబోతే నేను రెక్క పట్టుకుని, "రేపు డాక్టరమ్మ బిళ్ళేస్తుంది, మళ్ళీ చూస్తుంది, ఆకుపచ్చ పడ్డాక" అన్నాను. పంచాయతీవాళ్ళ ఊసు నేను మళ్ళీ ఎత్తలేదు, అత్త అడగలేదు.

"అమ్మా, కుక్క తినేసిందిగా. ఇకనన్నా నాకు పెట్టవే" అని బావ పందిరి కిందనుంచి కేకేశాడు. అతనికి ఇవేవీ తెలియవు.

అత్త తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. సబ్బు తెప్పించుకుని మోచేతులదాకా రుద్దుకుంది. కడిగిన చేతుల్నే మళ్ళీ కడిగింది. గోళ్ళ సందులు పుల్లతో గీసుకుంది. ఎంతకీ రాకపోతే నేను దగ్గరికెళ్ళాను. గరిటె నా చేతికివ్వబోయింది.

"నువ్వు పెట్టవే వాడికి" అంది. నా మొహంలోకి చూడలేదు.

నేను గరిటె తీసుకోలేదు. "నీ చెయ్యి పెడితేగాని ఆయన తినడు. పెళ్ళయినప్పటి నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు, మా అమ్మ పెట్టినట్టు లేదు, మా అమ్మ పెట్టినట్టు లేదని. పోయి పెట్టు" అని ఆమె తడి వేళ్ళని గరిటె చుట్టూ ముడిచి, భుజం పట్టుకుని పందిరి వైపు నడిపించాను.

ఆమె గరిటె ఎత్తి, ఆగి, తన గోళ్ళు ఓసారి చూసుకుని, అప్పుడు వడ్డించింది. బావ చూడలేదు. వంగి అన్నంలో కూర కలుపుకుంటూ, "ఇంకో రెండు ముక్కలెయ్యవే అమ్మా" అని ఆకు ముందుకి జరిపాడు.